పోపు లేని పచ్చిపులుసు

అత్తమ్మా,

పొయ్యి వెలిగించడానికి నాకు బద్ధకమని మీ కూతురు ఎల్బీ నగర్ అంతా చాటింది. నిజానికి మీ వంటలన్నీ ఉడికించకుండా చేయాలని నా పట్టుదల. నెలరోజులుగా గోబీ తురిమి అన్నంలా పెడుతున్నాను. మీ అబ్బాయి ముట్టడు. "గిదేంది, నేనేమన్న మేకనా?" అని దిల్‌సుఖ్‌నగర్‌లో బజ్జీలు తిని వస్తాడు.

ఈరోజు ఆ తురుము మీదే మీలా చింతపండు పిసికి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి నలిపి పోశాను. పోపు ఒక్కదానికి పొయ్యి వెలిగిద్దామనుకుని, హడావుడిలో మరిచాను. గిన్నె మొత్తం ఖాళీ చేశాడు అత్తమ్మా!

"అమ్మ గూడ పోపు పెట్టకపోయేది. జర ఇంకింత ఎయ్యవే," అన్నాడు. కళ్ళు తుడుచుకుని, మిర్చి ఘాటన్నాడు.

అంటే ఆయనకు పచ్చి తిండి మొదట పెట్టింది మీరే!

రేపు మీ సంవత్సరీకం. అందరూ వస్తున్నారు. నేను పొయ్యి వెలిగించను.