జోకు రాకముందే నవ్వే యాదన్నకు

వెనక కుర్చీల ఏకైక చక్రవర్తి యాదన్న సముఖానికి, నీ తమ్ముడు మిక్కిలి వినయం నటిస్తూ రాయునది.

నువ్వు పోయి ఏడాదైంది. మన ఆదివారం కవిత్వ వర్క్‌షాపు మాత్రం పోలేదు, పైగా పెరిగింది. నిన్న శంషాబాద్‌కు నేపాల్, శ్రీలంక, బంగ్లాదేశ్ కవులొచ్చిండ్రు. ఎవరి భాషలో వాళ్ళు చదవాలె, తర్వాత అర్థం చెప్పాలె. నెత్తి మీదికెళ్ళి విమానం పోయినప్పుడల్లా శ్రీలంక కవి పాపం ఆగి, దానికి దారిచ్చిండు.

ఇగ నా వంతు. ఆరాంఘర్ చౌరస్తా ట్రాఫిక్‌లో ఇరుక్కుని విమానం అందుకోలేని పెళ్ళికొడుకు మీద రాసిన. నా హాస్యకవితలకు నవ్వు మొదలుపెట్టేది ఎప్పుడూ నువ్వే గదా. అదీ జోకు రాకముందే, కుర్చీ కిర్రుమనేలా. పాఠం చెప్పే సుగుణక్క "ముందు విని నవ్వవయ్యా యాదగిరీ" అని మొత్తుకునేది. నిన్ను చూసే జనం నవ్వేటోళ్ళు. నిన్న ఒక్కరన్నా నవ్వుతరా అనుకుంటనే మొదలుపెట్టిన.

మూడో పాదం దగ్గర అలవాటుగా ఆగిన. నువ్వు నవ్వే చోటది. ఏ కుర్చీ కిర్రుమనలేదు.

"ఏందిరా, మర్చిపోయినవా?" అన్నది సుగుణక్క.

"లేదక్కా. జర ఆగు, యాదన్నను నవ్వుకోనీ."

అక్క తల దించుకుంది. తెలుగు ముక్క రాని నేపాల్ ఆవిడ మాత్రం నా మొహం చూసి పకపకా నవ్వింది. ఆమెను చూసి హాలంతా నవ్వింది. అక్క కూడా, కండ్లు తుడుచుకుంటూ.

జోకు ఇంకా రానే లేదన్నా.