‘నీడకు జ్వరం’ విన్నవాళ్ల మాటల పంపకం

మైకంలో ఉన్న మనిషి వీలునామా రాయడానికి చట్టం ఒప్పుకోదు. కాబట్టి ముందు ఆ సంగతి తేల్చేస్తాను. జూలూరుపాడు వాస్తవ్యురాలిని, బోరు మోటార్ల మెకానిక్ సంసోను గారి కూతురిని, ఖమ్మంలో న్యాయశాస్త్రం రెండో సంవత్సరం చదువుతున్నదాన్ని, ఇరవై ఏళ్ల వయసున్న మహిమ అనే నేను ‘మైకం’ అనే బ్యాండులో ఉన్నాను. మైకంలో మాత్రం లేను. పొద్దున టీ తాగాను, ఎండ హాయిగా ఉంది, నా పేరు నాకు గుర్తుంది. నన్ను ఎవరూ భయపెట్టలేదు, ఎవరూ బతిమాలలేదు. నా సొంత బుద్ధితో, సంతోషంగా, దీన్ని నా వీలునామాగా రాస్తున్నాను. ఇంతకు ముందు ఎప్పుడూ రాయలేదు గనుక రద్దు చేయడానికి పాతది లేదు.

కారణం: పుట్టుకతోనే నా గుండె గోడలో చిన్న రంధ్రం ఉంది. వచ్చే వారం హైదరాబాదులో దాన్ని మూస్తారు. వీలునామా రాయమంటారా అని అడిగితే డాక్టరు గారు నవ్వి, “రాయమ్మా, ముసలితనంలో పనికొస్తుంది” అన్నారు. ఆయన మాట నమ్ముతున్నాను. అయినా ‘స్థిర, చరాస్తులు’ అన్న మాట క్లాసులో విన్నప్పటి నుంచీ నన్ను వదలడం లేదు. నాకు స్థిరాస్తి లేదు. చరాస్తి ఉంది. అది నిజంగానే చరిస్తుంది, ఒక నోటి నుంచి ఇంకో నోటికి, ఒక ఆటో నుంచి ఇంకో ఆటోకు. మా ఆల్బమ్ విన్నవాళ్లు అన్న మాటలే ఆ ఆస్తి.

ఆస్తి వివరం: ‘మైకం’ అంటే ముగ్గురం. బాణీలు, గిటారు రాజేష్‌వి. ఇంటర్ నుంచి నా స్నేహితుడు. డ్రమ్స్ మా చిన్నాన్న కొడుకు సుకుమార్ వాయిస్తాడు. మాటలు నావి. మేం చేసేదాన్ని సైకడెలిక్ పాప్ అంటారు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: మామూలు పాటను నీళ్లలో ముంచి, తీసి, ఆరకముందే పాడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఖాళీగా ఉన్న ధాన్యం గోదాములో రికార్డు చేసి, ‘నీడకు జ్వరం’ అని పేరు పెట్టి, నిరుడు ఇంటర్నెట్‌లో పెట్టాం. లోకం తన పనిలో తాను ఉండిపోయింది.

ఇప్పుడు రాజేష్ దాన్ని తీసేయాలంటున్నాడు. “తీసేద్దాం మహిమా. వినేటోళ్లు లేరు, నవ్వేటోళ్లు మాత్రం ఉన్నరు” అన్నాడు. ఆ ఖాతా నా పేరు మీద ఉంది, పాస్‌వర్డ్ నాకొక్కదానికే తెలుసు. ఆపరేషన్ అయ్యాక మాట్లాడదామన్నాను. “సరే, ముందు నువ్వు మంచిగై రా” అన్నాడు. నేను రాకపోతే ఆల్బమ్ ఉండాలా, పోవాలా అన్నది ఎవరో ఒకరు తేల్చాలి. ఈ కాగితం అందుకోసమే. మిగతా పంపకాలు నా సరదా కోసం, అవి కూడా చెల్లుతాయి.

1. మా ఫ్లెక్సీ వేసిన ప్రింటింగ్ షాపాయనకు నా క్షమను రాసి ఇస్తున్నాను. మేం ‘మైకం’ అని రాసిస్తే, పాపం పిల్లలు తప్పు రాశారనుకొని, దిద్ది ‘మైకు’ అని వేశారు. కింద సుకుమార్ ఫోన్ నంబర్. పాటలు బాగున్నాయని ఎవరైనా చేస్తారేమోనని వాడు ఎదురుచూస్తుంటే వచ్చిన మొదటి ప్రశ్న: “బాక్సులెన్ని ఇస్తరు తమ్మీ? జనరేటర్ మీదేనా?” మా సుకుమార్‌కు లేదు అనడం రాదు. “మాదే అన్నా” అన్నాడు. అలా ఒకచోట మైకు సెట్టు కిరాయికి తెచ్చి, ఇంకోచోటికి మేం కిరాయికి పోయాం. షాపాయన మీద చాలా రోజులు కోపం పెట్టుకున్నాను. ఆయన దిద్దకపోతే ఈ కింది నిబంధనల్లో సగం ఉండేవి కావు. కోపం రద్దు.

2. జూలూరుపాడు అవతలి గూడెంలో రామక్క గారి మనవరాలిని ఊయలలో వేసిన రోజు మా మైకు మోగింది. సినిమా పాటల పెన్‌డ్రైవ్ మధ్యలో మొరాయించింది. సుకుమార్ కంగారులో చేతికి దొరికింది పెట్టాడు, అది మా ఆల్బమ్. పందిట్లో అందరూ తినడం ఆపి బాక్సుల వైపు చూశారు. రామక్క లేచి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

“మైకు తెమ్మంటే మైకం తెచ్చిన్రేందిరా!”

మా బ్యాండు పేరు ఆమెకు ఎవరూ చెప్పలేదు. పాట విని తానే కనిపెట్టింది. ఆపమంటారా అని సుకుమార్ అడిగితే, “ఉండనియ్యి బిడ్డా, పిల్ల ఏడుపాపింది” అంది.

ఆ తర్వాత ఒకరోజు మిర్చి ఏరే ఆడవాళ్ల మధ్య ఆమె మా పాట పాడుతుంటే విన్నాను. నేను రాసింది ‘నీడకు జ్వరమొచ్చింది, నీళ్లు చల్లండి’ అని. ఆమె పాడుతున్నది ‘నీడకు జ్వరమొచ్చింది, నీడల పండబెట్టుండ్రి’ అని. నీడ అంటే మనిషి నీడ, నీడ అంటే చెట్టు నీడ. ఈ రెండు అర్థాలూ నిఘంటువులో ఒకదాని కింద ఒకటి చూశాను. ఒకదాని ఒడిలో ఇంకొకటి పడుకోగలదని నాకు తోచలేదు. మాట ఎందుకు మార్చావు పెద్దమ్మా అని అడిగితే నన్ను ఎగాదిగా చూసింది. “జ్వరమొచ్చినోన్ని ఎవలన్న నీళ్లతోని తడుపుతరానే? నీడకు తీస్కపోవాలె గని” అంది. ఆ రోజంతా నాకు నవ్వు ఆగలేదు. ఇకపై ఆ పంక్తి రామక్క గారిది. పాట ఎప్పుడు, ఎక్కడ మళ్లీ వచ్చినా ఆమె పేరు నా పేరు పక్కన, అంతే పెద్ద అక్షరాలతో ఉండాలి.

3. ఏన్కూరు ఆటో దూలయ్య గారి అభిప్రాయం సుకుమార్‌కు. అందులో మెచ్చుకున్నది వాడి డ్రమ్స్‌నే. “అవ్, మంచిగున్నయ్. గుంతలల్ల పోతుంటే సుత ఊగినట్టే ఉంటది. ఒకటే తక్లీఫ్. దిగే ఊరొచ్చినా ప్యాసింజర్లు దిగుతలేరు, మళ్ల నన్నే తిడుతున్రు.” దీనితో పాటు, డ్రమ్ము మోత మెత్తబడాలని వాడు లోపల కుక్కిన నా నీలం చున్నీ కూడా వాడికే. ఉతకవద్దు. ఉతికితే మోత మారుతుందని వాడే చెప్పాడు.

4. మా నాన్న సంసోను గారి అభిప్రాయం: “లో వోల్టేజీ వస్తే మోటారు గిట్లనే మూలుగుతది. కాలిపోకముందే ఆపుండ్రి.” ఈ మాటను ఎవరికీ ఇవ్వను, నా దగ్గరే ఉంచుకుంటాను. నాన్నకు నా హెడ్‌ఫోన్లు. నాన్నా, ఆ మాట అన్నాక నువ్వు ఫోన్ చెవికి ఆనించుకొని చివరి పాట దాకా విన్నావు, చూశాను. హైదరాబాదు తేదీ ఖాయమైనప్పటి నుంచి జోకులు ఎక్కువ వేస్తున్నావు. అదీ చూశాను. వేస్తూనే ఉండు.

5. దవాఖానాలో నర్సుగా పనిచేసే వనజక్క మాట రాజేష్‌కు. “నిద్రగోలీ కంటే మీ పాటలే నయం పిల్లా. డ్యూటీ దిగొచ్చి మూడో పాట పెట్టుకుంట. నాలుగోది ఎట్లుంటదో ఇప్పటిదాక తెల్వది.” ఇది విని రాజేష్ ముఖం మాడ్చుకున్నాడు. “మనది నిద్రగోలీనా?” అన్నాడు. అవును రాజేష్. వార్డులో అందరి మూలుగులూ విని ఇంటికొచ్చిన మనిషి చెవులను నీ గిటారు నిద్రపుచ్చింది. మూడో పాట బాణీ నీది కాబట్టి ఈ నిద్ర కూడా నీదే. నాలుగో పాట ఆమెకు పొద్దున వినిపించే బాధ్యత సుకుమార్‌ది.

6. ఇంటర్నెట్‌లో పేరు పెట్టుకోని ఒకాయన మా ఆల్బమ్ కింద ఇలా రాశారు: ‘మబ్బు మొఖాలు, మబ్బు పాటలు.’ రాజేష్‌ను కుంగదీసింది ఇదే. మా వైపు మబ్బు అంటే మొద్దు అని తిట్టు. ఆకాశంలో తేలేది కూడా మబ్బే. ఈ మాటను రెండు వాటాలు చేస్తున్నాను. తిట్టు వాటా రాసినాయనకే తిరిగి చెందుతుంది, వడ్డీ లేకుండా. తేలే వాటా మా ముగ్గురికీ ఉమ్మడిగా ఉంటుంది. గోడ కట్టి పంచుకోవడానికి వీలులేదు. గోదాములో పాడుతున్నప్పుడు మేం తేలాం, నాకు తెలుసు.

7. రెండో పాటలో గంటలా మోగేది మా నానమ్మ ఇన్నమ్మ గారి స్టీలు గ్లాసు. “పాట అయిపాయె గద, నా గ్లాసేదే?” అని ఆమె ప్రతి ఆదివారం ప్రార్థనకు పోతూ అడుగుతుంది. గ్లాసు ఆమెకు తిరిగి చెందుతుంది. ఆమె అభిప్రాయం కూడా ఇక్కడే నమోదు చేస్తున్నాను. మొదటిసారి విని, “దేవుని పేరేడుందే ఇండ్ల?” అంది. లేదన్నాను. కాసేపు కళ్లు మూసుకొని విని, “పోనీయ్ తియ్. పేరు పెట్టి పిలువకున్నా ఆయనకినబడతది” అంది.

8. ఇక అసలు సంగతి. ఆల్బమ్ ఖాతా, దాని పాస్‌వర్డ్, ఆల్బమ్‌ను ఉంచే హక్కు, తీసేసే హక్కు, ఇవన్నీ రాజేష్‌కు ఇస్తున్నాను. షరతులు పెట్టొచ్చని చట్టం చెబుతుంది. రెండు మూడు రాసి చూశాను, చదువుకుంటే నాకే చిన్నతనంగా అనిపించి కొట్టేశాను. బాణీలు అతనివి. సిగ్గుపడుతున్నదీ అతనే. తన పాటను దాచుకునే హక్కు లేకపోతే, పాడే హక్కు మాత్రం ఏం హక్కు? కానీ నా మాట ఒకటి చెప్పే తీరతాను. తీసేయొద్దు రాజేష్. విన్నవాళ్లు తక్కువే. విన్న ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి అన్నారు, ఎవరూ ఊరుకోలేదు. పేరున్న పాటలకు కూడా ఈ భాగ్యం ఉంటుందని నాకు నమ్మకం లేదు. ఇంతకు మించి బలవంతం చేయను.

9. పైవాళ్లలో ఎవరైనా తమ వాటా వద్దన్నా, చట్టప్రకారం పొందలేకపోయినా, అది నానమ్మకు చెందుతుంది. ఆమె చేతిలో పడ్డ పాట ఎక్కడికీ పోదు. తీసేయడం గురించి చెప్పినప్పుడు ఆమె అంది: “పాటను తుడిచేసుడేందే? అదేమన్న పలకా?” ఇదంతా అమలు చేసే బాధ్యత మాకు ఆస్తి చట్టం చెప్పే ఉదయశ్రీ మేడం గారిది. మేడం, భాషలో తప్పులుంటే దిద్దండి. ‘మైకం’ మాత్రం దిద్దకండి.

10. సాక్షుల గురించి: మేం క్రైస్తవులం గనుక భారత వారసత్వ చట్టంలోని ఒక నియమం నాకు వర్తిస్తుంది. వీలునామాలో ఏదైనా పొందే మనిషి దాని మీద సాక్షి సంతకం పెడితే సంతకం చెల్లుతుంది, అతనికి రాసిచ్చింది మాత్రం చెల్లదు. అందుకే పైన పేరున్న ఎవరూ పెన్ను ముట్టుకోవద్దు. ఏ వాటా లేని ఇరుగుపొరుగువాళ్లు కోటేష్ గారు, గంగయ్య గారు సంతకం పెడతారు. నియమం అందరికీ తెలియాలని, అందరూ కూర్చున్నాక దీన్ని మొదటి నుంచి చివరిదాకా గట్టిగా చదివి వినిపిస్తాను.

చదివి వినిపించాను. గ్లాసు నిబంధన చదివినప్పుడు నానమ్మ చప్పట్లు కొట్టింది. ఇది నా సంతకం.

మహిమ
జూలూరుపాడు, 2025 ఫిబ్రవరి 16, ఆదివారం

సాక్షులు:

ఒకటి. కోటేష్, పక్కింటివారు. (సంతకం)

రెండు. గంగయ్య, ఎదురింటివారు. (పేరు కొట్టివేయడమైనది)

రెండు. రాజేష్, తండ్రి లచ్చయ్య, జూలూరుపాడు. (సంతకం)
గంగయ్య మామ చేతిల పెన్ను నేనే గుంజుకున్న. తొమ్మిదో నిబంధన, సాక్షుల రూలు రెండూ ఇన్న, మళ్ల నేనే చదువుకున్న. తెలిసే పెడుతున్న.