చివర పిలవని పేరు

అన్నా,

నీ హాజరు పిలుపు నిన్న ఒక ఊరిని కాపాడింది. నీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

రోజూ సాయంత్రం వైర్‌లెస్ సెట్‌లో ఊరూరినీ పిలిచేవాడివి. "చెప్పేదేమీ లేకపోయినా పలకల్ల. పలకని ఊరికే ముందు పోవల్ల" అనేవాడివి. చివర నీ పేరు నువ్వే పిలుచుకుని "ఉండాను" అంటే మేం నవ్వేవాళ్లం. నువ్వు పోయాక మదనపల్లె సెట్ దగ్గర నేనే కూర్చుని అదే వరుసలో పిలుస్తున్నాను, నీ పేరు తప్ప.

నిన్న తుఫానుకు సెల్ టవర్లన్నీ ఆగిపోయాయి. సెట్‌కు కారు బ్యాటరీ తగిలించి పిలిచాను. పుంగనూరు సెట్‌లో పలికే రాజమ్మ తమ వీధిలోకి నీళ్లొచ్చాయని, ఇక్కడున్న ఒక్క ట్రాక్టర్‌ను పంపమని అడిగింది. బి.కొత్తకోట అవతల చెరువు కింది పల్లె మాత్రం ఎంత పిలిచినా పలకలేదు. అది విని రాజమ్మే మళ్లీ పలికింది: "మాకు మోకాలు లోతేలేమ్మా. ట్రాక్టర్‌ను ఆడికి పంపు."

ట్రాక్టర్ పోయేసరికి చెరువు కట్ట తెగి ఉందన్నా. వాళ్ల సెట్ నీళ్లలో మునిగింది, ఊరంతా బడి మిద్దె మీద ఉంది. అందరినీ దించుకొచ్చారు, అందరినీ.

ఈ సాయంత్రం ఆ పల్లె కూడా అరువు సెట్‌లో పలికింది. ఆ సంతోషంలో నోరు జారి చివర నీ పేరు పిలిచేశాను. సెట్‌లో గరగర. అందులోంచి రాజమ్మ గొంతు:

"ఉండాడు."