మెనూలో కనపడని విండోస్

సెప్టెంబర్ 8, సోమవారం
మా ఆయన పోయాక ఏడాదిగా తెరవని లాప్‌టాప్. కాలేజీ పనికి నాకొకటి కావాలి. ఆయన విండోస్ జోలికి పోకుండా, డిస్కులో ఖాళీగా ఉన్న చోట లినక్స్ ఎక్కించాను. మధ్యలో, వేరే ఆపరేటింగ్ సిస్టమ్ ఏదీ కనపడలేదు అని వచ్చింది. చదివాను. చదివి కూడా ముందుకే నొక్కాను. ఎందుకో...

సెప్టెంబర్ 9
ఆన్ చేస్తే మెనూలో లినక్స్ ఒక్కటే. ఆయన విండోస్ చెరిపేశానా? ఏడుపు రావాలి. రాలేదు. కిటికీ గట్టు మీద థర్మల్ ప్లాంటు నుంచి వచ్చి పడ్డ బూడిద తుడిచాను. అన్నం వండాను.

సెప్టెంబర్ 10
మరిది జాన్ ఫోన్. "వదినా, ఆదివారం చర్చిలో అన్న ఏడాది జ్ఞాపకార్థ కూడిక గదా. పోయిన ఆ పొద్దు కొత్త పాట రాస్తా ఉండా అన్నాడు అన్న. లాప్‌టాప్‌లోనే ఉంటాది. క్వయర్ చేత అదే పాడిద్దాం." చూస్తానన్నాను. పోయిందేమోనని మాత్రం అనలేదు.

సెప్టెంబర్ 11
కాలేజీలో కంప్యూటర్స్ చెప్పే ప్రసన్నకు చూపించాను.
"యాడికీ పోలేదక్కా, డిస్కులోనే ఉండాది. బూట్ మెనూ వేరే సిస్టమ్స్‌ను వెతక్కుండా ఆపేసి పెట్టినారు, అంతే."
ఊపిరి పీల్చుకోవాలి కాబోలు. పీల్చుకున్నాను.
డ్రైవ్ తెరవబోతే మొండికేసింది. విండోస్ షట్‌డౌన్ కాలేదట, నిద్రలో ఉందట. పోర్టు డ్యూటీ వ్యాన్ హారన్ కొట్టగానే ఆయన మూత వేసి పరుగెత్తేవారు, షట్‌డౌన్ చేయడం నేనెప్పుడూ చూడలేదన్నాను. "ఏడాది నిద్రా! కుంభకర్ణుడు నయం," అని నాలుక్కరుచుకుంది.
చదవడానికి మాత్రమే తెరిచింది. పాత పాటలన్నీ ఉన్నాయి. కొత్తది లేదు.
"సార్ సేవ్ చేసుండరు. ఉంటే, మూత వేసినప్పుడు తెరిచి ఉన్నవన్నీ దాచుకున్న ఆ నిద్రలోనే ఉండాలక్కా. నిద్ర తీసేసే కమాండ్ ఒకటి ఉండాది, నెట్‌లో చూసి అది కొట్టబాకండి. పాట పోతాది."

సెప్టెంబర్ 12
ప్రసన్న ఫోన్‌లో చెబుతుంటే సెట్టింగ్‌లో ఒక లైను మార్చాను. మెనూ మళ్లీ తయారు చేయమన్నాను. విండోస్ దొరికింది.
"వచ్చిందా అక్కా?"
"వచ్చింది."
"ఆ చెప్పడం ఏందక్కా, కరెంటు బిల్లు వచ్చినట్టు!"

సెప్టెంబర్ 13
జాన్ మెసేజ్ — దొరికిందా వదినా? పిల్లోళ్లు నేర్చుకోవాల.
లేపితే ఆయన వదిలిన చోటే తెరుచుకుంటుందట. "గ్యారంటీ ఇయ్యలేనక్కా," అని కూడా అంది ప్రసన్న. లేపేది ఒక్కసారే, సరిగా లేవకపోతే నిద్రలో ఉన్నదంతా పోతుంది. పాట ఉంటే రేపు అందరిదీ అవుతుంది. లేకపోతే... ఏ లైను దగ్గర లేచి వెళ్లారో కూడా ఎప్పటికీ తెలియదు.
మధ్యాహ్నం దాకా అటూ ఇటూ తిరిగాను.
మెనూలో విండోస్ మీద ఎంటర్ నొక్కాను. తెర నల్లగా ఉంది. తెల్ల చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. రాస్తూ చూస్తున్నాను — ఇంకా తిరుగుతున్నాయి...