బ్లోయర్‌లో కారం

సత్తెనపల్లి,
సోమవారం

మెకానిక్ ఏసుపాదం గారికి నమస్కారం.

మీ పనికి వంక పెట్టడానికి కాదండీ ఈ ఉత్తరం. మా పాత కారు ఇప్పుడు తాళం తిప్పగానే స్టార్టవుతోంది. రేడియేటర్ కారడం లేదు. హారన్ కూడా నొక్కితేనే మోగుతోంది. చిక్కల్లా ఏసీతోనే వచ్చింది.

ఏసీ వేస్తే కళ్లు మండుతున్నాయని చెప్పింది నేనే. నాలుగేళ్లుగా గుంటూరు యార్డుకి మిరపకాయల టిక్కీలు, అదేనండీ బస్తాలు, మోసిన బండి కాబట్టి బ్లోయర్ నిండా కారం చేరిందని మీరు ఇట్టే కనిపెట్టి, ఊడదీసి కడిగేశారు.

మా నాయకుడు పరామర్శలకు ఆ కారే తీసుకెళతాడని మీకు తెలియదు పాపం. చావింటి ముందు దిగేసరికి ఆయన కళ్లు ధారలు కట్టేవి. "ఎంత మెత్తని మనసండీ మీది!" అంటూ ఆ ఇంటివాళ్లే ఆయన్ని ఓదార్చేవాళ్లు. మొన్న పొన్నూరులో మాత్రం దారంతా హాయిగా నిద్రపోయి, శవం ముందు ఆవలించాడు. ఆ వీడియో ఇప్పుడు అందరి ఫోన్లలోనూ ఉంది.

"ఏరా, బంగారంలాంటి కారుని పాడుచేయించావు కదరా!" అని నామీద ఎగిరాడు.

అందుకే కారు మళ్లీ పంపుతున్నాను. ముందు సీట్లో కారం పొట్లం ఉంది. బ్లోయర్‌ని ఎప్పటిలా చేసి బుధవారంలోగా ఇవ్వండి. గురువారం మా పెదనాన్న పెద్దకర్మ. నన్ను పెంచి, పొలమంతా నాకే రాసిన మనిషి. ఆయన పోయినప్పటి నుంచి చుట్టాలంతా నా మొహంకేసే చూస్తున్నారు. ఆ రోజు కారు నడిపి నాయకుణ్ణి తీసుకొచ్చేది నేనే.

గాలి కాస్త డ్రైవర్ సీటు వైపు కూడా తిప్పండి.