డాక్టరమ్మ నా సొంత చెల్లెలు కాదని మనవి

దుమ్ముగూడెం,
18-7-1991.

జిల్లా పోలీసు సూపరింటెండెంట్ మరియు విదేశీయుల నమోదు అధికారి గారి సముఖమునకు,
వరద డ్యూటీ క్యాంపు, భద్రాచలం.

అయ్యా,

విషయం: టాంజానియా దేశస్థురాలు డాక్టర్ నీమా గారిని నా భార్య కాన్పు అయ్యేవరకు ఇక్కడ ఉండనిచ్చుట గురించి, రేషన్ కార్డు తప్పు నాదేనని ఒప్పుకొనుట గురించి.

దుమ్ముగూడెం బస్టాండు పక్కన బట్టలు కుట్టుకొని బతుకు షేక్ హమీద్ అను నేను వ్రాసుకొను అర్జీ ఏమనగా:

1. సదరు డాక్టరమ్మ వరంగల్లులో డాక్టరు చదువు ముగించి, పది నెలలుగా మా ఊరి దాతల దవాఖానాలో పనిచేయుచు, మా ఇంటి వెనుక గదిలో కిరాయికి ఉన్నది. ఆమె విద్యార్థి వీసా గడువు ఈ నెల 31 వరకు కలదు.

2. ఆ తరువాత ఆమె ఇక్కడే పని చేయుటకు గల దారులు విచారించితిమి. ఉన్నచోటనే పని వీసాగా మార్చుటకు రూలు లేదట. సొంత దేశం పోయి తెచ్చుకొనుటకు ఆరు నెలలట. ఇంకో కోర్సులో చేరితే విద్యార్థిగానే ఉండవచ్చునట. అది విని నా భార్య జహీదా, "గట్లయితే మన షాపుల మిషన్ కుట్టుడు నేర్చుకుంటున్నదని రాసియ్యి. ఎన్నేండ్లకైనా రాదు ఆమెకు" అన్నది. వ్రాసి ఇచ్చుటకు నేను సిద్ధమే. తమరు నవ్వవద్దు.

3. రేషన్ కార్డు సంగతి. కార్డు లేనందున డాక్టరమ్మకు స్టవ్వుకు కిరసనాయిలు దొరకలేదు. రొట్టె, అరటిపండుతో పూట గడుపుచుండెను. కార్డులు వ్రాయు గుమాస్తా మా ఇంటికి వచ్చి ఎందరని అడుగగా జహీదా, "ముగ్గురం సార్. నేను, మా ఆయన, మా ఆడబిడ్డ" అన్నది. పేరు నీమా బీ అని చెప్పింది. తండ్రి పేరు దగ్గర మా నాన్న పేరు పెట్టించింది. ఆయన పోయి తొమ్మిదేండ్లు. నేను పక్కనే ఉండి నోరు మూసుకొంటిని. డాక్టరమ్మకు ఇదేమీ తెలియదు. "కిరసనాయిలు ఎక్కడిది అన్నా?" అని అడిగితే, "వచ్చింది, వండుకో" అంటిని.

4. వీసా గడువు గురించి పోలీసులు చేసిన ఎంక్వైరీలో ఆ కార్డు బయటపడి, తన దేశం దాచినదని ఆమె మీద అనుమానం వచ్చినది. వీసా ఉన్నా సరే, ఈ రోజు సాయంత్రం ఐదింటికి తమ ఎదుట హాజరై అటునుంచి అటే దేశం విడిచి వెళ్లిపోవలెనని ఉత్తర్వు. దాచింది ఆమె కాదయ్యా. కేసు నా మీద పెట్టండి.

5. జహీదాకు తొమ్మిదో నెల, బీపీ ఎక్కువ. ముందటి రెండు కాన్పులూ దక్కలేదు. రెండోసారి వాగు పొంగి జీపు ఆగిపోగా బిడ్డ జీపులోనే పోయినాడు. బిడ్డను చుట్టి పూడ్చు కఫన్ గుడ్డ నేనే కత్తిరించితిని. అర్జీలో వ్రాయదగిన మాట కాదు, అయినా వ్రాసితిని. నిన్నటినుంచి మళ్లీ వాన విడవడం లేదు.

కావున డాక్టరమ్మను 31వ తేదీ వరకైనా ఉండనిచ్చి, శిక్ష నాకు విధించవలెనని వేడుకొనుచున్నాను. పేదవాని మొర చిత్తగించవలెను.

ఇట్లు,
దిక్కుతోచని తమ విధేయుడు,
షేక్ హమీద్, టైలర్.

తా.క. సార్, కవరు అంటించుతుండంగనే జహీదాకు నొప్పులు మొదలైనయి. డాక్టరమ్మ కానిస్టేబుల్ వెంట బస్సెక్కబోతున్నది, కేక విని పెట్టె రోడ్డు మీదనే ఇడిసి ఇంట్లకు ఉరికింది. "అన్నా, వేడినీళ్లు జల్దీ!" అని తలుపేసుకున్నది. కానిస్టేబుల్ మంచోడే, పెట్టె తడవకుండ అరుగు మీద పెట్టిండు. కానీ "ఐదింటికి అప్పజెప్పకుంటే నా నౌకరి పోతది, నడిమిట్లనైనా తోల్కపోవాలె" అంటున్నడు. ఆ బస్సు డ్రైవరు చేతికే ఈ కాగితం ఇచ్చి పంపుతున్న. ముప్పై ఒకటి దాకా వద్దు సార్, ఏ వీసా వద్దు. ఆమె తలుపు తీసేదాకా ఆగమనుండి. గంతే.