నెత్తి మీద ఏమీ లేని చోటు

ఫిబ్రవరి 2, ఆదివారం

చర్చి అయ్యాక పాస్టరయ్య ఇంటికి వచ్చారు. బాపు తల మీద చెయ్యి పెట్టి స్వస్థత ప్రార్థన మొదలుపెట్టబోతే నన్ను కన్న అవ్వే అడ్డం పడింది. "అయ్యగారూ, జర ఆగుండ్రి. బోర్డయినంక చెయ్యుండ్రి. గిప్పుడే బాగయితే మా బిడ్డ నౌకరి పోతది." నవ్వాలో ఏడవాలో తెలియక ఆయన "ప్రభువా, నీ చిత్తం, నీ సమయం" అని ముగించారు. చాయ్ తాగి వెళ్ళారు.

మా కాలనీలో ఇది వింతేం కాదు. మెడికల్ బోర్డు తండ్రిని అన్‌ఫిట్ అంటేనే బొగ్గుబాయిలో ఆయన కొలువు బిడ్డకు. బాపు నిజంగానే జబ్బు మనిషి, నటించాల్సిన పనే లేదు. అయినా క్వార్టర్ల లైనంతా నేర్పేవాళ్ళే. "గట్టిగ దగ్గు." "మెట్లెక్కరాదని చెప్పు." ఈ బోర్డు తప్పితే నాకు వయసు దాటిపోతుంది. ప్రైవేటు బడిలో చాక్‌పీసు పట్టుకునే ముసలవుతాను, అంతే.

ఫిబ్రవరి 5

కరీంనగర్‌లో బాపు ఊపిరితిత్తులకు స్కాన్. డాక్టరు బాపును బయట కూర్చోబెట్టి నాకు చెప్పాడు... తగ్గేది కాదు. తిరుగు బస్సులో బాపు గ్రానైట్ లారీలను చూస్తూ కూర్చున్నాడు.

అండమాన్ టికెట్లు ఎప్పుడో తీసినవి, కంపెనీ ప్రయాణ ఖర్చులిచ్చే ఎల్‌టీసీ మీద. బోర్డు ముందర వద్దన్నాను. వినలేదు. సముద్రం మీదికి ఒరిగిన కొండ ఒకటి ఉందట, దాని చివర నిలబడాలట. "ముప్పై ఏండ్లు నెత్తి మీద బండనే ఉండె బిడ్డా. ఏం లేకుంటే ఎట్లుంటదో ఒక్కపారి చూస్త." సంచులు సర్దాను.

ఫిబ్రవరి 10

విమానం. దిగేదాకా అవ్వ కళ్ళు మూసుకుని కీర్తనలే.

ఫిబ్రవరి 11

కొండ. కింది నుంచి చూస్తే మన గుట్టలంత కూడా లేదు. చెట్ల వేళ్ళే మెట్లు. ఒకటే ఉక్క. బాపు నాలుగడుగులు వెయ్యడం, కూర్చోవడం, మళ్ళీ లేవడం. పెదాలు నల్లబడ్డాయి. కొత్త జంటలు సెల్ఫీ కర్రలతో మమ్మల్ని దాటిపోతున్నారు. వెనక్కి పోదాం బాపు అన్నాను. "నోర్ముయ్యి" అన్నాడు. ఎన్నడూ అనని మనిషి. అవ్వ వెనక నుంచి నడుం పట్టి తోస్తూ, తిడుతూ — "మొండి మనిషి, గిట్లనే సంపుతడు నన్ను."

పైకి చేరాం. అంచుకు కట్టిన తాడు, దాని అవతల ఏమీ లేదు. ఎంతో కింద తెల్లటి నురగ. దగ్గర నీళ్ళు పచ్చగా, దూరాన నీలంగా. అందరూ కిందికి చూస్తున్నారు. బాపు ఒక్కడే పైకి చూశాడు. అలవాటు కొద్దీ తల వంచి, లేని బాయి టోపీ తడుముకుని, మళ్ళీ పైకి.

"ఏం లేదే," అన్నాడు అవ్వతో. "అంత ఖాళీనే."

ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. దగ్గు ఆగిన ఆ కాసేపట్లో అవ్వ ఫోటో తీసింది. నిటారుగా, చేతులు నడుం మీద పెట్టుకుని బాపు.

ఫిబ్రవరి 12

అవ్వ ఆ ఫోటో స్టేటస్ పెట్టింది! "మా ఇంటాయన కొండ ఎక్కిండు, ప్రభువుకు స్తోత్రం." నేను చూసేసరికి లైనంతా చూసేసింది. అరిచాను. బిత్తరపోయింది. "ఒక్క రోజే ఉంటది గద బిడ్డా..."

తీసేయించాను. ఎవరెవరి ఫోన్లలో ఉందో.

ఫిబ్రవరి 17

బోర్డు. అవ్వా నేనూ బయట బెంచీ మీద. బాపు నవ్వుకుంటూ వచ్చాడు. లేచి ఎదురెళ్ళాను.

"బోర్డు డాక్టరు సారు ఫోన్ల నా ఫోటో సూపెట్టిండు. గిది నువ్వేనా అన్నడు. నేనే సార్ అన్న. గా కొండ సంగతి మొత్తం చెప్పిన."

"ఎన్నిసార్లు కూలబడ్డవో చెప్పినవా?" అన్నాను.

"గది అడుగలే. స్కాన్ కాయితం సుత సూడలే."

అవ్వ నెత్తి కొట్టుకుంది. నాకు చచ్చేంత కోపం. కానీ ఆ ముఖం చూసి తిట్టలేకపోయాను. ఫోటో ఎవరు పంపారో తెలుసుకుని ఏం చేస్తాను? లైనులో ప్రతి ఇంట్లోనూ నాలాగే ఒకరు కొలువు కోసం కాచుకుని ఉన్నారు.

సాయంత్రం పాస్టరయ్య అవ్వ అడిగినట్టే వచ్చి స్వస్థత ప్రార్థన చేశారు. ఈసారి అవ్వ ఆపలేదు.

ఫిబ్రవరి 20

ఫిట్.

ఫిబ్రవరి 21

అవ్వ అన్నం ముట్టడం లేదు. తన ఫోన్ బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించింది.

ఫిబ్రవరి 23, ఆదివారం

పాస్టరయ్య ప్రసంగం మధ్యలో బాపును లేపి నిలబెట్టారు. "మన సహోదరుణ్ణి దేవుడు ముట్టిండు. డాక్టర్లే ఫిట్ అని రాసిచ్చిండ్రు." హల్లెలూయా. చప్పట్లు. బాపు చేతులు జోడించాడు. దగ్గు తెర వచ్చి కూలబడ్డాడు. చప్పట్లు ఆగలేదు.

అవ్వ నా చెవిలో — "బోర్డయినంకనే చేసిండు గదనే... నేను చెప్పినట్టే."

నాకు ప్రార్థన రావడం లేదు. ఎవరిని అడగాలి, ఏమని?

ఫిబ్రవరి 24

ఫస్ట్ షిఫ్ట్. బూట్లు తొడుక్కుంటూ బాపు — "గా ఫోటో పెద్దగ చేయించు బిడ్డా. నేనొద్దు. ఉత్త మీదిదే."

సరేనన్నాను. బియ్యం డబ్బాలోంచి అవ్వ ఫోన్ తీసి చూశాను. ఆకాశం బెత్తెడు కూడా లేదు. అవ్వ ఫోటో నిండా బాపునే పట్టింది. ఆ సంగతి చెప్పలేదు.

వాకిట్లో ఒకసారి పైకి చూసి టోపీ పెట్టుకున్నాడు. లైను చివర కరెంటు స్తంభం పట్టుకుని ఆగాడు. చాలాసేపు ఆగాడు. వెనక్కి వస్తాడేమో అనుకుని గేటు తీసి పట్టుకున్నాను.

రాలేదు. బాయి దిక్కే నడిచాడు.